హిందోళమా, మాల్కౌన్సా?

కర్ణాటక సంగీతంలో హిందోళం రాగం, హిందుస్తానీలో మాల్కౌన్స్ రాగం, రెండిట్లోనూ అవే ఐదు స్వరాలు, స గ మ ద ని, రి ప ఉండవు, కానీ వినగానే తేడా తెలిసిపోద్ది. త్యాగరాజు గారి సామజవరగమన తీసుకోండి, పల్లవి ఎత్తుకోగానే సాహిత్యం, తాళం కలిసి లాక్కెళ్ళిపోతాయి, పక్కన మృదంగం. మాల్కౌన్స్ అర్ధరాత్రి రాగం కదా, విలంబిత్‌లో, అంటే బాగా నెమ్మది లయలో మొదలెడితే మధ్యమం (మ) మీదే నిలబడి మీండ్‌తో, అంటే స్వరం నుంచి స్వరానికి మెల్లగా జారుతూ ఎంతసేపైనా అక్కడక్కడే తిరుగుతారు, మాటలు చూస్తే నాలుగు లైన్లు. మనవాళ్ళూ ఆలాపన చేస్తారు లెండి, కానీ కచేరీకి ప్రాణం కృతే, అంటే సామజవరగమన లాంటి రచనే.

ఇచ్చిపుచ్చుకోవడాలకి మాత్రం కొదవలేదు. రామస్వామి దీక్షితర్ కట్టిన హంసధ్వని రాగం అటు హిందుస్తానీలోకెళ్ళి సెటిలైపోయింది, వాళ్ళ జైజైవంతి రాగం ఇటొచ్చి ద్విజావంతి అయింది. రామస్వామి గారబ్బాయి బాలుస్వామి దీక్షితర్ అయితే ఏకంగా యూరప్ వయొలిన్‌నే మన సంగీతంలోకి తెచ్చారు, ఇప్పుడది లేని గాత్ర కచేరీ అరుదు, అటేమో హిందుస్తానీ గాత్రమైన ఖయాల్ పక్కన ఇంకా సారంగి, హార్మోనియమే.

కొత్తగా వినేవాళ్ళకి నా ఓటు హిందోళానికే, ఒక కృతి పది నిమిషాల్లో పట్టుబడిపోద్ది. మాల్కౌన్స్‌కి గంట టైమ్ పెట్టుకోండి, మధ్యలో ఫోన్ చూస్తే మళ్ళీ మొదటికే.