పెట్రోలు కిలోల నుంచి లీటర్లకు: నోటి అంకె, హైడ్రోమీటర్, కోరియాలిస్ మీటర్.. ఏది మేలు?

మా మీటరు తెర మీద పెట్రోలు గంటకు 60,000 కిలోలు. లారీలు నింపే లోడింగ్ బే నుంచి ఫోన్: "సార్, గంటకు ఎన్ని కేఎల్ వస్తోంది? లారీ ఎంతసేపట్లో నిండుతుంది?" డ్రైవర్‌కి, బిల్లుకి కావాల్సింది లీటర్లు. మా మీటరుకి తెలిసింది కిలోలు. కిలోలను డెన్సిటీతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి, ఒక ఘనపు మీటరు అంటే ఒక కిలోలీటరు (కేఎల్), వెయ్యి లీటర్లు. ఇంతవరకూ ఎనిమిదో తరగతి లెక్క. ఏ డెన్సిటీతో భాగించాలన్న దగ్గరే చిక్కంతా.

చాలామంది నోట్లో ఆడే అంకె 0.74. అంటే లీటరుకు 0.74 కిలోలు, ఘనపు మీటరుకు 740 కిలోలు. దాంతో 60,000ని భాగిస్తే గంటకు 81.08 కేఎల్. ఎంత పంపు కొనాలి, పైపు ఎంత లావుండాలి, ట్యాంకు సుమారుగా ఎప్పటికి నిండుతుంది లాంటి వాటికి ఇది చాలు. ఎవరైనా అంతకంటే లోతుకు వెళ్తే టైమ్ వేస్ట్ అంటాను. డబ్బులతో ముడిపడ్డ లెక్కకు మాత్రం పనికిరాదు. బీఎస్-6 పెట్రోలు డెన్సిటీ, లెక్కలకు ఆధారంగా పెట్టుకునే 15 డిగ్రీల దగ్గర, ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ చివర నుంచి ఆ చివరకు ఏడున్నర శాతం తేడా! పైగా ఇప్పుడు ఇథనాల్ ఒకటి. అది పెట్రోలు కన్నా బరువు, 15 డిగ్రీల దగ్గర సుమారు 794. డెన్సిటీ 740 ఉన్న పెట్రోల్లో 20 శాతం కలిపితే దాదాపు 751 అవుతుంది. ఈ20 రాకముందు గోడ మీద రాసుకున్న అంకె ఇంకా అక్కడే ఉంటే చెరిపేయండి.

కాగితం మీది అంకెను నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి విమానాల వాళ్ల కథ ఒకటుంది. 1983 జులైలో ఎయిర్ కెనడా బోయింగ్ 767కి ఇంధనం లెక్కేసినప్పుడు లీటరుకు 1.77 అన్న అంకె వాడారు. అది పౌండ్లది. కిలోల్లో అయితే 0.8 చిల్లర. కావాల్సిన ఇంధనంలో సగం కూడా లేకుండా ఎగిరి, దారిలో రెండు ఇంజన్లూ ఆగిపోయి, గిమ్లీ అనే చోట పాత రన్‌వే మీద దిగింది. అది విమాన ఇంధనం, మనది పెట్రోలు. కానీ భాగహారం అదే.

ఇక హైడ్రోమీటర్. బంకుల్లో డెన్సిటీ చూసే ఆ గాజు పరికరమే. 500 మిల్లీలీటర్ల జార్, ఒక థర్మామీటర్, పక్కన పట్టిక. జార్‌ని చదునైన చోట, గాలి తగలకుండా పెట్టాలి. హైడ్రోమీటర్‌ని మెల్లగా దింపి, వేళ్లతో ఓసారి తిప్పి వదిలితే అంటుకున్న బుడగలు పోతాయి. కంటిని పెట్రోలు మట్టానికి తెచ్చి చూడాలి. గాజు కాడ వెంబడి పైకి పాకిన అంచును కాదు, అసలు మట్టం స్కేలును తాకే చోటును చదవాలి. టెంపరేచర్ కూడా అదే నిమిషంలో చూడాలి. ఆలస్యం చేస్తే తేలికపాటి భాగం ఆవిరైపోయి మిగిలింది బరువెక్కుతుంది.

ఒక వేసవి మధ్యాహ్నం నేనే పప్పులో కాలేశాను. శాంపిల్ జార్‌ని కాసేపు ఎండలో ఉంచి చూస్తే 41 డిగ్రీలు, రీడింగ్ 721. చదవడంలో తప్పేం లేదు. ఆ 721తోనే భాగించేశాను, 83.2 కేఎల్ వచ్చింది. అయితే పైపులో పారుతున్న పెట్రోలు 33 డిగ్రీల మీద ఉంది! చూసిన డెన్సిటీని 15 డిగ్రీలకు మార్చే ఏఎస్‌టీఎం 53బీ పట్టిక ప్రకారం 41 దగ్గర 721 అంటే 15 దగ్గర సుమారు 745. అక్కడి నుంచి, వేడిని బట్టి ఘనపరిమాణం ఎంత మారుతుందో చెప్పే 54బీ పట్టికతో 33 డిగ్రీలకు తెస్తే దాదాపు 728.6. దాంతో భాగిస్తే 82.35 కేఎల్. జార్ ఎండలో ఉన్న పాపానికి గంటకు 870 లీటర్లు గాల్లోంచి పుట్టుకొచ్చాయి. ఒక్క డిగ్రీ వేడెక్కితే పెట్రోలు ఉబ్బి, డెన్సిటీ సుమారు 0.9 తగ్గుతుంది. 12 కేఎల్ లారీలో 10 డిగ్రీలు అటూ ఇటూ అయితే 145 లీటర్ల దాకా తేడా.

మరి నేరుగా 745తోనే భాగిస్తే? 80.54 కేఎల్. ఇదీ తప్పు కాదు, ఇవి 15 డిగ్రీల లీటర్లు. 82.35 వేమో పైపులోని వేడి మీద ఉన్న లీటర్లు. స్టాక్ లెక్కలకు మొదటివి, లారీ ఎప్పుడు నిండుతుందో చెప్పడానికి రెండోవి. రెండు డిపార్ట్‌మెంట్లు చెరో రకం లీటర్లతో కూర్చుని "మీది తప్పు" అని వాదించుకోవడం చూశాను. పెట్రోలు ఎక్కడికీ పోలేదు, టెన్షన్ మాత్రం సాయంత్రం దాకా నడిచింది.

మూడోది కోరియాలిస్ మీటర్. లోపలి గొట్టం సన్నగా వణుకుతుంటుంది. ద్రవం పారేటప్పుడు వణుకులో వచ్చే మెలికను బట్టి కిలోలు, వణికే వేగాన్ని బట్టి డెన్సిటీ తెలుస్తాయి. రెండూ ఒకే చోట, ఒకే టెంపరేచర్ దగ్గర దొరుకుతాయి కాబట్టి జార్ గొడవ లేదు. ఖరీదు ఎక్కువ. లైన్లో గాలి బుడగలు చేరితే డెన్సిటీ తక్కువ చూపి, లీటర్లను ఉబ్బిస్తుంది.

నన్నడిగితే, కిలోలు చూపించేది కోరియాలిస్ మీటరే అయితే బయటి నుంచి డెన్సిటీ తెచ్చి భాగించడం దండగ, దాని డెన్సిటీనే వాడండి. హైడ్రోమీటర్‌తో అప్పుడప్పుడు సరిచూసుకుంటే చాలు. కిలోలు వేబ్రిడ్జి నుంచో, ఇంజన్ టెస్ట్ బెంచ్ త్రాసు నుంచో వస్తుంటే హైడ్రోమీటరే మేలు. కాకపోతే జార్ డెన్సిటీని పైపు టెంపరేచర్‌కి మార్చాకే భాగించాలి. మా దగ్గర ఇప్పుడు తెర కింద రెండు అంకెలు పెట్టించాం. ఒకదాని పక్కన "15 డిగ్రీలు" అని, రెండోదాని పక్కన "లైన్" అని స్టిక్కర్లు. ఫోన్ చేసేవాళ్లు కూడా ఇప్పుడు "లైన్ లీటర్లు చెప్పండి సార్" అనే అడుగుతున్నారు.