టీ నగర్‌కు చివరి కిలోమీటరు

చెన్నై విమానాశ్రయం నుంచి, బట్టల దుకాణాలకు పేరుపడ్డ టీ నగర్‌కు దూరం 12 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. గడిచిన ఏడాదిలో విశాఖ నుంచి అక్కడికి మూడుసార్లు వెళ్లాను. ఒకసారి ఒంటరిగా, భుజాన సంచి ఒక్కటే. ఒకసారి అమ్మ, పెద్దమ్మలతో కలిసి చెల్లి పెళ్లిచీరల కోసం. మరోసారి అర్ధరాత్రి దాటాక. మూడుసార్లూ మూడు రకాల బండ్లు ఎక్కాను. ఒకసారి నాకు భేషుగ్గా అనిపించిన దారి మరోసారి పనికిరాకుండా పోయింది.

ఒంటరిగా వెళ్లినప్పుడు లోకల్ రైలెక్కాను. విమానాశ్రయానికి ఎదురుగా, జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డుకు అవతల తిరుసూలం స్టేషను ఉంది. రోడ్డు కింది సబ్‌వేలోంచి నడిచి వెళ్తే చాలు. టీ నగర్‌కు దిగాల్సిన స్టేషను మాంబళం. కౌంటరు దగ్గర ఆ పేరు చెప్పి పది రూపాయల నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. కాసేపటి క్రితమే విమానంలో ఆ టికెట్టుకు ఎన్నో రెట్లు పోసి కాఫీ తాగాను. ఆ చిల్లర చేతిలో పట్టుకుని కాస్త సిగ్గుపడ్డాను కూడా.

మీనంబాక్కం, పళవంతాంగల్, పరంగిమలై దాకా పెట్టె ఖాళీగానే ఉంది. గిండీలో ఒక్కసారిగా జనం పడ్డారు. మూరల కొద్దీ మల్లెపూలు ఒళ్లో పెట్టుకున్న ఒకామె నా సంచిని కాలితో బెంచీ కిందికి తోసి, తన గంపకు చోటు చేసుకుంది. అడగలేదు, అనుమతీ కోరలేదు. నాకూ కోపం రాలేదు. సైదాపేట దాటకముందే తలుపు దగ్గరికి చేరమని పక్కనున్న పెద్దాయన సైగ చేశాడు. చేరకపోయి ఉంటే మాంబళం దాటిపోయి తర్వాతి స్టేషను కోడంబాక్కంలో దిగేవాణ్ని. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

మాంబళంలో తూర్పు వైపు దిగితే నేరుగా రంగనాథన్ వీధిలో పడతాం. అక్కడ నడవడం మన చేతిలో ఉండదు, జనమే తీసుకుపోతారు. 2023లో స్టేషను నుంచి టీ నగర్ బస్టాండు దాకా నడిచేవాళ్ల కోసం 570 మీటర్ల ఆకాశ నడవ (స్కైవాక్) కట్టారు. నేను దాని మీదుగా వెళ్లాను. పైనుంచి చూస్తే వీధి కనిపించలేదు. తలలు, గొడుగులు, ప్లాస్టిక్ బకెట్ల దొంతరలు మాత్రమే కనిపించాయి.

ఆ అనుభవం తలకెక్కి అమ్మవాళ్లకు కూడా లోకలే అనుకున్నాను. కానీ అమ్మ మోకాళ్లు, పెద్దమ్మ పెట్టెలు గుర్తొచ్చి ఆగాను. పెద్దవాళ్లకు కారే మంచిదని తేల్చేశాను. ఇక్కడే తప్పు చేశాను.

యాప్‌లో పిలిచిన కారు టెర్మినల్ గుమ్మం ముందుకు రాదు. బహుళ అంతస్తుల పార్కింగుకు మనమే నడిచి వెళ్లి, లిఫ్టెక్కి, చెప్పిన అంతస్తులో నిలబడాలి. సామాన్లున్న వాళ్ల కోసం బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి. మాకు అది దొరికేసరికి పది నిమిషాలు గడిచాయి. ఈలోగా డ్రైవరు ఫోను చేశాడు. ఎక్కడికి, డబ్బు చేతికిస్తారా, ఆన్‌లైనా అని అడిగాడు. ఆన్‌లైన్ అన్నాను. రద్దు చేసేశాడు. రెండో కారు వచ్చింది, 480 రూపాయలు. సాయంత్రం ఆరు గంటలు. కత్తిపారా కూడలి దాకా బాగానే సాగాం. అక్కణ్నుంచి గిండీ, సైదాపేట వంతెన, సీఐటీ నగర్, ఎక్కడ చూసినా ఎర్ర దీపాలే. గంటా పది నిమిషాలు పట్టింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. చవకగా ఉందని నేను తీసుకున్న లాడ్జి ఉస్మాన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో ఉంది. ఆ వేళకు సందులోకి కారు పోదు. డ్రైవరు మలుపులోనే ఆపి, దిగమన్నట్టు చేయి ఊపాడు. అతని తప్పేమీ లేదు, సందు నిండా తోపుడు బండ్లే. మూడు వందల మీటర్లు రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ, అమ్మ చేయి పట్టుకుని నడిచాను. పెట్టె చక్రం ఒకటి మురుగు మూత కన్నంలో ఇరుక్కుంది. పెద్దమ్మ లాడ్జి మెట్ల మీద కూలబడి, "ఒరే, విమానంలో తీసుకొచ్చావని ఊళ్లో ఎవరికీ చెప్పకు" అంది.

గది మాత్రం శుభ్రంగానే ఉంది. వేణ్నీళ్లు తెల్లవారుజామున ఐదు నుంచే ఇచ్చారు. లిఫ్టు ఉంది గానీ మొదటి అంతస్తు నుంచి పని చేస్తుంది. ఇదెక్కడి ఏర్పాటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడు చీరలు కొంటూ అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు అమ్మకు ఒక సంగతి చెప్పాను. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్. అమ్మ ఇన్నాళ్లూ అది తిరువయ్యారు త్యాగరాజస్వామి పేరనుకుంది. కాదు, అప్పటి మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణేతరుల కోసం పుట్టిన జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, మన తెలుగువాడే. పక్కనున్న పానగల్ పార్కు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న పానగల్ రాజా పేరు మీద వెలిసింది, ఆయన కాళహస్తి వాడు. "అయితే మనూళ్లోనే ఉన్నట్టు" అని అమ్మ ఆ తర్వాత ప్రతి దుకాణంలోనూ తెలుగులోనే బేరమాడింది. పని జరిగింది కూడా.

తిరుగు ప్రయాణానికి మళ్లీ కారు అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు మెట్రో గుర్తొచ్చింది. నిజానికి ముందే గుర్తురావాలి. టీ నగర్ నడిబొడ్డుకు మెట్రో లేదన్న ఒక్క కారణంతో లెక్కలోంచి తీసేశాను. అన్నాసాలై అనే పెద్ద రోడ్డు మీద నందనం స్టేషను ఉంది. అక్కణ్నుంచి వెంకటనారాయణ రోడ్డు నేరుగా టీ నగర్‌లోకి వస్తుంది. లాడ్జి నుంచి నందనానికి ఆటోవాడు 150 అడిగాడు, వందకు ఒప్పుకున్నాడు. 2013లో ప్రభుత్వం ఖరారు చేసిన ధర మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12. ఆ లెక్క చెబితే చెన్నైలో ఏ ఆటో కదలదు. వాళ్ల వైపు నుంచి చూస్తే, అన్నేళ్ల కిందటి ధరకు ఎవరు మాత్రం తిప్పుతారు?

నందనంలో వీధి నుంచి ప్లాట్‌ఫారం దాకా లిఫ్టులే. టికెట్టు మనిషికి నలభై రూపాయలు దాటలేదు. "అడుత్త నిలయం సైదాపేట్టై" (తర్వాతి స్టేషను సైదాపేట) అని పెట్టెలో వినిపించగానే పెద్దమ్మ తనూ అదే మాట అప్పజెప్పింది. చిన్నమలై దగ్గర రైలు భూమిలోంచి పైకి లేచి ఎండలోకి వచ్చింది. పెద్దమ్మ "అమ్మో" అని కిటికీ వైపు తిరిగి, ఆలందూరు దాకా కళ్లు తిప్పలేదు. ఇరవై నిమిషాల్లో విమానాశ్రయం స్టేషనులో ఉన్నాం. అక్కణ్నుంచి టెర్మినల్‌కు కదిలే బాట ఉంది. అమ్మ దాని మీద కాలు పెట్టడానికి భయపడి పక్కనే నడిచింది, మాకన్నా ముందే చేరింది.

అర్ధరాత్రి దిగినప్పుడు ఈ తెలివితేటలేవీ పనికిరాలేదు. రాత్రి పదకొండుకు మెట్రో కట్టేస్తారు. లోపలే ముందుగా డబ్బు కట్టే టాక్సీ కౌంటరు దగ్గర చీటీ తీసుకున్నాను. యాప్ కన్నా ఎక్కువే అయింది. కానీ ఎక్కడికి, డబ్బు ఎలా అనే ప్రశ్నలు లేవు, ఖాళీ రోడ్డు మీద పాతిక నిమిషాల్లో దింపేశాడు. ఆ వేళప్పుడు దీన్నే ఎంచుకోండి, నూరూ నూటయాభైకి వెనకాడకండి.

ఈ మూడోసారి లాడ్జి మాత్రం వెంకటనారాయణ రోడ్డు వైపు తీసుకున్నాను. గది చిన్నది, అద్దె మూడొందలు ఎక్కువ. కానీ కారు గుమ్మం దాకా వచ్చింది, పొద్దున నందనానికి నడిచే వెళ్లాను. దుకాణాలకు దగ్గరని రంగనాథన్ వీధి పక్కన గది తీసుకోవడం కన్నా ఇదే మేలు. చీరల బరువు రెండు చేతులతో మోయగలం, పెట్టెల బరువు ఆ జనంలో మోయలేం. ఒంటరిగా, తేలిక సంచితో పగటిపూట దిగితే మాత్రం నేనిప్పటికీ తిరుసూలం వైపే నడుస్తాను.

పానగల్ పార్కు దగ్గర మెట్రో రెండో దశ పనులు నడుస్తున్నాయి. అది పూర్తయితే నందనంలో రైలు మారి నేరుగా పార్కు కిందే దిగొచ్చు. ఇదంతా అమ్మకు ఫోనులో వివరిస్తే సగంలోనే ఆపేసింది. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వారి గుడి ఉందని పెద్దమ్మ చెప్పిందట. "గది ఆ గుడికి ఎదురుగా దొరుకుతుందేమో చూడు, ఏ బండెక్కాలో తర్వాత చూద్దాం" అంది.