కుక్కలకు 'టిరమిసు' కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి (తిరుపతి వాళ్ళకు జాగ్రత్త)

తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి వైపు ఉండేవాళ్ళు ఎవరైనా ఇన్‌స్టాలో ఫొటోలు చూసి కుక్కలకు 'ఇటాలియన్ డెజర్ట్ బాక్స్' ఆర్డర్ పెట్టబోతూ ఉంటే, ఇది చదివాక పెట్టండి. అమ్మినామె పేరు, పేజీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇంట్లో చేసి ఇలా అమ్మేవాళ్ళు ఈమధ్య నాకే ముగ్గురు నలుగురు కనపడ్డారు. ఒక పేరు రాస్తే మిగతావాళ్ళ దగ్గర ధైర్యంగా కొనేస్తారేమోనని నా భయం.

మాది బైరాగిపట్టెడ. మా కుక్క స్పిట్జ్, ఏడు కిలోలు ఉంటుంది, పేరు బూంది. మొదట లడ్డు అని పెట్టాం. "తిరపతిలో ఉండి కుక్కకు లడ్డు అని పేరేంది మే, కళ్ళు పోతాయి" అని మా అత్త గొడవ చేస్తే, ఎటూ కాకుండా బూంది దగ్గర ఆగాం. దాని నాలుగో పుట్టినరోజుకు మా అబ్బాయి పట్టుబట్టి ఆ డబ్బా తెప్పించాడు. రూ.850. అందులో నాలుగు చిన్న టిరమిసు కప్పులు, నాలుగు కనోలీలు, రెండు పన్నా కోటాలు (మీగడతో చేసే పుడ్డింగు), ఒక పొట్లం బిస్కోటీలు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి, చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నాయో! పైన చిన్న ఎముక ఆకారంలో బిస్కెట్ కూడా గుచ్చి ఉంది. మూత మీద 'నో షుగర్, డాగ్ సేఫ్, 100% హోమ్‌మేడ్' అని స్టిక్కరు.

సాయంత్రం ఆరున్నరకు కొవ్వొత్తి ఊదడం అయ్యింది (ఊదింది మావాడే లెండి). బూంది రెండు టిరమిసు కప్పులు నాకి నాకి ఖాళీ చేసింది. మూడోది పెట్టబోతే మా ఆయన "రేపటికి ఉంచరా" అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

తొమ్మిది దాటాక మొదలయ్యింది. ముందు నీళ్ళ గిన్నె మొత్తం తాగేసింది. తర్వాత హాల్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడక. కూర్చోదు, పడుకోదు. గోళ్ళు టైల్స్ మీద టకటకమంటూనే ఉన్నాయి. రెండుసార్లు కక్కింది, ముదురు గోధుమ రంగులో. ఒళ్ళోకి తీసుకుని పక్కటెముకల మీద చెయ్యి పెడితే లోపల గుండె కొట్టుకోవడం లెక్కపెట్టడానికి కూడా వీల్లేనంత వేగంగా ఉంది. టిరమిసు అంటే ఇటాలియన్‌లో 'నన్ను పైకి లేపు' అని అర్థమట. పేరుకు తగ్గట్టే దాన్నీ లేపింది, ఇంటిల్లిపాదినీ లేపింది.

పక్కింటి పెద్దాయన ఉప్పు నీళ్ళు తాపమన్నాడు, అంతా కక్కేస్తుందని. ఆయన మంచికే చెప్పాడు. నేను గ్లాసులో కలిపాను కూడా. అంతలో మా కుక్కల డాక్టరు గారు ఫోన్ ఎత్తారు. ఉప్పు నీళ్ళ మాట వినగానే గట్టిగా అరిచారు. కుక్కకు ఉప్పు నీళ్ళు తాపితే రక్తంలో సోడియం పెరిగిపోయి అదే ఇంకో ప్రాణాపాయం అవుతుందట. అది పారబోయించి, తర్వాత రెండే ప్రశ్నలు అడిగారు.

"గోధుమ రంగు దేనిది?"

"షుగర్ లేదంటున్నారు, మరి తీపి దేనిది?"

రెండింటికీ నా దగ్గర సమాధానం లేదు. ఆర్డర్ పెట్టేటప్పుడు నేను అడిగింది ఒక్కటే: "డెలివరీ ఛార్జీ ఎంత?"

ఫోన్ చెవికి ఆనించుకునే మిగిలిన కప్పులో పైపొడి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు. ఆ చేదు నాకు బాగా తెలుసు. పిల్లాడి కేకులకు ఏడేళ్ళుగా వాడుతున్న కోకో పొడి అది. కింద నానిన బిస్కెట్ వాసన చూస్తే నిఖార్సయిన ఫిల్టర్ కాఫీ డికాక్షన్. మనం ఇటలీదాకా పోనక్కర్లేదు, తెల్లారి మన వంటింట్లో వచ్చే వాసనే.

అసలు టిరమిసు అంటే అదే కదా. ఇటలీలో ట్రెవీసో వైపు వంటకం. వేలెడంత బిస్కెట్లను కాఫీలో ముంచి, మస్కర్పోనే అనే మెత్తటి చీజ్, గుడ్డు సొన కలిపిన మీగడ లాంటిది మధ్యలో పరిచి, పైన కోకో జల్లుతారు. మనుషులకు అద్భుతంగా ఉంటుంది. అందులో కుక్కకు పడనివి రెండు, కోకో, కాఫీ. ఆ రెండూ తీసేస్తే అది టిరమిసూ కాదు, వాటితోనే చేస్తే కుక్క తిండీ కాదు. అందుకని తెలిసి చేసేవాళ్ళు కోకోకు బదులు క్యారబ్ పొడి వాడతారు. అది ఒక చెట్టు కాయల పొడి. రంగు కోకోలాగే ఉంటుంది, రుచి మాత్రం కాస్త తీపి. కోకోలో ఉండే విషపదార్థం అందులో ఉండదు. ఈమె పేజీలో కూడా 'క్యారబ్‌తో చేసినవి' అనే రాసి ఉంది.

కోకోలో థియోబ్రోమిన్ అనేది ఉంటుంది. మన ఒంట్లో అది తొందరగానే కరిగి బయటికి పోతుంది. కుక్క ఒంట్లో సగం పోవడానికే 17 గంటలకు పైగా పడుతుంది. కాఫీలో ఉండే కెఫీన్ దీనికి తోబుట్టువు లాంటిది, రెండూ కలిసి పనిచేస్తాయి. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, దాహం, కుదురులేకపోవడం మొదలవుతాయి. 40, 50 దగ్గరికి వస్తే గుండె లయ తప్పుతుంది. 60 దగ్గర ఫిట్స్. డాక్టరు గారు చెప్పాక మర్నాడు నేను మిగిలిన ఒక కప్పు మీది పొడి గీకి వంటింటి కాటా మీద పెట్టాను. నాలుగు గ్రాములు. గ్రాము కోకోలో థియోబ్రోమిన్ 20 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. రెండు కప్పులంటే ఎనిమిది గ్రాములు, అంటే 160 మిల్లీగ్రాములు. ఏడు కిలోల బూందికి కిలోకు 23 చొప్పున పడింది. ఇది పైపొర లెక్క ఒక్కటే. లోపల కలిపిన కోకో, డికాక్షన్ వేరే. మూడో కప్పు, నాలుగో కప్పు కూడా తిని ఉంటే ఎక్కడికి చేరేదో మీరే వేసుకోండి.

మనుషులు తినే పాలచాక్లెట్ ముక్క ఎప్పుడో తిని ఏమీ కాని కుక్కలు చాలా ఉంటాయి, "మావాడు రోజూ తింటాడు" అని చెప్పేవాళ్ళూ ఉంటారు. పాలచాక్లెట్‌లో ఈ పదార్థం తక్కువ, కోకో పొడిలో దానికి పది రెట్లకు పైగా ఉంటుంది. ఆ తేడా తెలియకనే మోసపోతాం.

రాత్రి పదింబావుకు డాక్టరు గారు మూసిన క్లినిక్ మళ్ళీ తెరిచారు. సెలైన్ పెట్టారు, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ వేశారు, కడుపులో మిగిలింది పీల్చేందుకు బొగ్గు మందు తాగించారు. మూతి, మెడ, ముందుకాళ్ళు అన్నీ నల్లగా అయ్యాయి, తెల్ల స్పిట్జ్ కాస్తా బొగ్గుల కొట్లోంచి వచ్చినట్టు తయారయ్యింది. గంటకోసారి బయటికి తిప్పి మూత్రం పోయించమన్నారు. ఈ విషం మూత్రాశయంలో నిలవ ఉంటే అక్కణ్ణుంచి మళ్ళీ రక్తంలోకి ఎక్కుతుందట. రాత్రి రెండు గంటలకు, మూడు గంటలకు వీధిలో కుక్కను పట్టుకుని తిరుగుతూ ఉంటే, కొండకు నడిచిపోయే భక్తులు ఎవరో "ఏంటమ్మా ఈ టైంలో?" అని అడిగారు. ఏం చెప్పాలి, టిరమిసు అని చెప్పాలా? మూడో రోజుకు గానీ మామూలు మనిషి కాలేదు. మనిషి అనే వచ్చేసింది, ఉండనివ్వండి. వైద్యానికి మొత్తం రూ.3,400 అయ్యింది.

ఇక అమ్మినామె సంగతి. పొద్దున్నే వాట్సాప్ చేశాను. మొదట "మా దగ్గర అన్నీ సేఫ్ అక్కా, వందమంది తీసుకున్నారు" అంది. కోకో రుచి చూశానని చెప్పాక "క్యారబ్ స్టాక్ అయిపోయిందక్కా, కొంచెమే కోకో వేశాం, మనుషులే తింటారు కదా, కుక్కకేమవుతుంది" అంది. ఆ 'కొంచెమే' అన్న మాటకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. సరుకు అయిపోతే ఆర్డర్ ఆపాలి. లేదా ఫోన్ చేసి చెప్పాలి. ఏదో ఒక గోధుమ పొడి జల్లి, స్టిక్కరు మాత్రం అలాగే ఉంచేస్తే ఎట్లా? తీపి దేనిదని అడిగితే మొదట "న్యాచురల్" అంది. నాలుగుసార్లు అడిగాక డబ్బా ఫొటో పంపింది. అదృష్టం బాగుండి అది స్టీవియా, ఒక మొక్క ఆకుల్లోంచి తీసే తీపి. జైలిటాల్ అనే ఇంకో తీపి పదార్థం అయి ఉంటే కథ వేరేగా ఉండేది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని షుగర్ ఫ్రీ సరుకుల్లో అది ఉంటుంది, మనకేమీ కాదు. కుక్కకు మాత్రం అరగంట, గంటలోనే రక్తంలో చక్కెర దబ్బున పడిపోతుంది. ఎక్కువైతే కాలేయం పాడవుతుంది. అందుకే ఆ రాత్రి డాక్టరు గారి రెండో ప్రశ్న అంత గట్టిగా వచ్చింది. కుక్క తిండి మీద 'నో షుగర్' అని కనిపిస్తే నాకిప్పుడు భరోసా రాదు, టెన్షన్ వస్తుంది.

డబ్బులు వెనక్కి ఇమ్మంటే "కస్టమ్ ఆర్డర్ అక్కా, రిఫండ్ ఉండదు" అని ఒక మెసేజ్, ఆ తర్వాత బ్లాక్.

మిగతా డబ్బా కూడా విప్పి చూశాను. కనోలీ అంటే సిసిలీలో నూనెలో వేయించిన గొట్టాల్లో రికోటా చీజ్ కూరి ఇస్తారు. ఈమె గొట్టాలు కూడా నూనె కారుతూనే ఉన్నాయి. అంత కొవ్వు ఒక్కసారి పడితే కొన్ని కుక్కలకు క్లోమం వాచిపోతుంది. బిస్కోటీ అంటే 'రెండుసార్లు కాల్చినది' అని, గట్టిగా కరకరలాడాలి. ఇవి చేతిలోనే విరిగాయి. సగానికి విరిచి చూస్తే లోపల ఎండుద్రాక్ష! ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయని పశువైద్యులంతా చెప్పేదే. ఎంత తింటే ఏ కుక్కకు తగులుతుందో ముందుగా చెప్పలేమని కూడా అంటారు. కారణం అందులోని టార్టారిక్ యాసిడ్ అని 2021లో అమెరికా పశు విషవైద్య నిపుణులు అనుమానం వెలిబుచ్చారు. మన చింతపండు పులుపు కూడా అదే. మిగిలిన పులిహోర కుక్కకు పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది, ఆపేశాం. బాక్సుతో సంబంధం లేకపోయినా ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకో మోసం స్టిక్కరు మీద. కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, అంటే ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, వేసింది. చూసి నేనూ నమ్మాను. ఆ చట్టం మనుషుల తిండి కోసం పెట్టింది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 'ఆహారం' అనే మాటకు ఇచ్చిన అర్థంలోంచే పశువుల మేతను పక్కన పెట్టారు. ఆమెకు మనుషుల కేకుల కోసం ఆ రిజిస్ట్రేషన్ ఉండి ఉండొచ్చు, కానీ కుక్క తిండిని ఎవరో పరీక్షించారని ఆ నంబరు చెప్పదు. మరి ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఉండాల్సినవి, అంటే చేసినవాళ్ళ చిరునామా, నికర బరువు, తయారైన నెల, ధర, ఏవీ లేవు. ఏమేం కలిపారో ఆ జాబితా అసలే లేదు. ఎముక బొమ్మ మాత్రం రెండు చోట్ల ఉంది.

2005 నుంచి వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు మనది. కుక్కకు ఏం పెట్టొచ్చో అడగాలంటే ఆటో ఎక్కితే చాలు. వందమందికి అమ్మిన మనిషి ఒక్కసారి అడిగి ఉండాల్సింది. రూ.850 ఇచ్చిన నేనూ అడిగి ఉండాల్సింది, కాదనను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. యూపీఐ రసీదు, స్టిక్కరు ఫొటో, ఆమె 'కొంచెమే కోకో' అన్న మెసేజ్ స్క్రీన్‌షాట్, డాక్టరు గారి చీటీ, బిల్లు అన్నీ పెట్టుకున్నాను. మీకూ ఇలాంటిదే జరిగి ఉంటే బ్లాక్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మిగిలిన తిండి పారేయకండి. కుక్కకు అప్పటికే పెట్టేసి ఉంటే, ఎంత తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. లక్షణాలు వచ్చేదాకా ఆగొద్దు. తిన్న వెంటనే తీసుకుపోతే కక్కించడానికి వీలవుతుంది, మాకు ఆ సమయం దాటిపోయింది.

మా మిగిలిన రెండు కప్పులు, కనోలీలు, బిస్కోటీలు ఫ్రీజర్‌లో పై అరలో ఉన్నాయి. మా అబ్బాయి డబ్బా మీద ఎర్ర స్కెచ్‌తో 'తినొద్దు, కేసు' అని రాసి అంటించాడు. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా బూంది వచ్చి దాని ఎదురుగా తోక ఊపుతూ కూర్చుంటోంది.