విజయనగరంలో సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో 500 ఫైను గుంజుతున్నారు, జాగ్రత్త

విజయనగరం వాళ్ళకి, ముఖ్యంగా గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి సామాన్లకని కారేసుకుని టౌనుకొచ్చేవాళ్ళకి చెప్తున్నాను. టౌన్లో ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో పార్కింగ్ ఫైను అని చెప్పి కస్టమర్ల కారు చక్రానికే తాళం వేసేసి డబ్బులు తీసుకుంటున్నారు. కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయట్లేదు, అయినా ఇది ఎక్కడైనా జరగొచ్చు.

సంక్రాంతి ముందు మా అమ్మని తీసుకుని వెళ్ళాను. అరిసెలకి బియ్యం, బెల్లం, నువ్వులు, నూనె డబ్బాలు అన్నీ కలిపి బిల్లు నాలుగు వేలు దాటింది. పండగ రద్దీ అని తెలిసి కూడా బిల్లింగ్ కౌంటర్లు సగం మూసేసి ఉంచారు, లైను సబ్బుల ర్యాకుల దాకా వచ్చేసింది, ట్రాలీ పట్టుకుని నిలబడీ నిలబడీ అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. తీరా బయటికొస్తే ముందు చక్రానికి పసుపు రంగు క్లాంపు, దానికో తాళం, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రసీదు పుస్తకంతో ఒక కుర్రాడు.

"రెండు గంటలు దాటిపోనాది మేడమ్, 500 కట్టండి తీసేస్తాను."

"ఏటి బాబూ, మీ షాపులోనే కదా ఉన్నాం, ఇదిగో బిల్లు, టైము చూడు."

"షాపోళ్ళతో మాకు సంబంధం లేదమ్మా, మాది కాంట్రాక్టు."

రెండు గంటల రూలు ఎక్కడ రాశారు అనడిగితే గోడకేసి చూపించాడు. చిన్న కాగితం, లామినేషన్ చేసి అతికించారు, దాని మీద సగం దాకా పండగ ఆఫర్ల ఫ్లెక్సీ కట్టేశారు. ఫైను అన్న మాట ఫ్లెక్సీ ఎత్తితే గానీ కనపడదు. మేనేజర్‌ని పిలిపిస్తే ఆయనా అదే పాట, పార్కింగ్ మాది కాదండీ అని. వాళ్ళ షాపుకొచ్చిన మనిషి కారే కదా అది, ఎవరిది మరి?

అన్నిటికంటే ఆ రసీదు చూడాలి మీరు. పైన పార్కింగ్ ఫైన్ అని రబ్బరు స్టాంపు, కింద పెన్నుతో కారు నంబరూ 500 అంకె, అంతే. కంపెనీ పేరు లేదు, అడ్రసు లేదు, జీఎస్టీ నంబరు లేదు, కనీసం రసీదు నంబరు కూడా లేదు. ఫోన్‌పే స్కానర్ కొడితే షాపు పేరూ రాలేదు, కాంట్రాక్టు కంపెనీ పేరూ రాలేదు, ఎవరో ఒక మనిషి పేరు వచ్చింది. అమ్మ ఇంక నిలబడలేకపోయింది, చీకటి పడిపోయింది, కట్టేసి వచ్చాను. ముసలివాళ్ళూ పిల్లలూ ఉన్న కార్లనే చూసుకుని పట్టుకుంటున్నారేమో అని నా అనుమానం.

ఇప్పుడు అసలు విషయం. చలానా రాసే అధికారం పోలీసులకి, రవాణా శాఖ వాళ్ళకి ఉంటుంది, షాపు గేటు దగ్గర కుర్రాడికి ఉండదు. ప్రైవేటు వాళ్ళు మహా అయితే ముందే స్పష్టంగా చెప్పిన పార్కింగ్ ఫీజు అడగొచ్చు. దానికీ మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి, మాల్స్‌లో మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఫ్రీ, కొన్న బిల్లు చూపిస్తే గంట దాకా ఫ్రీ, గంట దాటినా పార్కింగ్ ఫీజు కంటే మీ బిల్లు ఎక్కువుంటే కట్టక్కర్లేదు. కాబట్టి బిల్లు చెత్తబుట్టలో పడేసి రాకండి, కారు గేటు దాటేదాకా చేతిలోనే ఉంచుకోండి, దాని మీద టైము కూడా ఉంటుంది.

క్లాంపు వేస్తే గొడవ పడకండి, ముందు ఫొటోలు తీయండి. చక్రం, బోర్డు, బోర్డు మీద ఏదైనా అడ్డముంటే అదీ. తియ్యమంటే తియ్యకపోతే 112కి ఫోన్ చెయ్యండి. తప్పక కట్టాల్సొస్తే క్యాష్ ఇవ్వకండి, స్కాన్ చేసి ఆ పేరు వచ్చిన స్క్రీన్‌షాట్ దాచుకోండి, అదే రేపు సాక్ష్యం. తర్వాత 1915, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను అందులో పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరు లేకపోయినా పర్వాలేదు, జరిగిన రెండేళ్ళ లోపు వెయ్యాలి.

ఒక్క మాట, పిల్లలు ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివి వాళ్ళకి కట్టొద్దని చెప్పేయకండి. అక్కడ సంగతి వేరు. సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో కెమెరా నంబరు పట్టేసి ఇంటికి ఉత్తరం పంపిస్తారు, అది వేసేది ప్రైవేటు కంపెనీయే అయినా 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఒక కేసులో 85 పౌండ్లు కట్టాల్సిందే అంది. ఆ కేసులో కూడా రెండు గంటల లిమిటే, కానీ బోర్డులు పెద్దగా, చాలా చోట్ల, స్పష్టంగా పెట్టారు. ఆ ఉత్తరాలు పక్కన పడేస్తే కేసు దాకా వెళ్తుంది, అప్పీలు చేసుకోవడానికి గడువుంటుంది, ఆ లోపే చేసుకోమనండి.

మన దగ్గరకొస్తే, ఒకే రకంగా నష్టపోయినవాళ్ళు కలిసి ఒకే కంప్లయింట్ వెయ్యడానికి చట్టంలో వీలుంది. రబ్బరు స్టాంపు కొట్టిన అలాంటి రసీదు మీకెవరికైనా ఇచ్చుంటే పారేయకండి, తేదీ కనపడేలా ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, కమిషన్‌లో వేసేటప్పుడు మీదీ కలుపుతాను.