సిల్వర్‌స్టోన్ మ్యూజియం: రేస్ ట్రాక్ పక్కన ఒక సైన్సు పాఠం

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లల చదువు గురించి పట్టించుకోని ఇల్లు ఉండదు. అయినా బడివాళ్ళు సిల్వర్‌స్టోన్ రేస్ ట్రాక్ పక్కనున్న మ్యూజియానికి తీసుకువెళ్తామని ఉత్తరం పంపగానే, కార్ల పందేలు జరిగే చోట చదువేమిటని అనుమానించే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. మా అమ్మాయి ఆరో తరగతి పిల్లలతో పాటు తోడు పెద్దగా వెళ్ళి, దగ్గరుండి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పదేళ్ళు దాటిన పిల్లలకు బలమూ కదలికా ఏమిటో చేతులతో తెలియజేయడానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ఇలా అనడానికి మొదటి కారణం ఆ స్థలమే. సిల్వర్‌స్టోన్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేన విమానస్థావరం. 1943 నుంచి అక్కడ వెల్లింగ్‌టన్ బాంబర్ల మీద సిబ్బందికి శిక్షణ ఇచ్చేవారు. యుద్ధం ముగిశాక విమానస్థావరం చుట్టూ ఉన్న రోడ్లే పందేల దారిగా మారాయి. 1950 మే 13న ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది అక్కడే, గెలిచింది ఆల్ఫా రోమియో నడిపిన జుసెప్పే ఫరీనా. నేటికీ ట్రాక్‌లో ఒక భాగాన్ని హ్యాంగర్ (విమానాల షెడ్డు) స్ట్రెయిట్ అనీ, మరొక భాగాన్ని వెల్లింగ్‌టన్ స్ట్రెయిట్ అనీ పిలుస్తారు. 2019లో తెరిచిన మ్యూజియాన్ని కూడా యుద్ధకాలపు హ్యాంగర్‌నే బాగుచేసి అందులో నెలకొల్పారు. ఒకప్పుడు విమానాలు నిలిపిన కప్పు కింద నిలబడి, విమానాన్ని పైకి లేపే రెక్కను తలకిందులు చేస్తే అదే రెక్క కారును నేలకు అదిమిపెడుతుందని చెబితే, ఆ మాట పిల్లల మనసులో నాటుకుపోతుంది.

ఈ విషయాన్ని మాటలతో చెప్పి ఊరుకోకుండా చేయించి చూపడమే ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చింది. మా బృందంలోని పిల్లలు అట్టముక్కను వంచి రెక్కలా చేసి, దాన్ని ఒక చిన్న స్టాండుకు బిగించి, వంటింట్లో వాడే డిజిటల్ తూకం మీద పెట్టారు. తూకాన్ని సున్నాకు తెచ్చి ఎదురుగా ఫ్యాను వేయగానే అంకె మారింది. మా అమ్మాయి జట్టు రెక్కను విమానానికి అమర్చినట్టే అమర్చింది కాబట్టి అంకె ముందు మైనస్ గుర్తు వచ్చింది. “నాన్నా, తూకం పాడైపోయిందేమో, మైనస్ చూపిస్తోంది” అని తను కంగారు పడింది. రెక్కను తిప్పి పెట్టాక అంకె సున్నాకు పైన ఆగింది. అంతవరకూ మాట్లాడని ఒక పిల్లవాడు, “అయితే గాలి ఇప్పుడు పైనుంచి నొక్కుతోందన్నమాట” అని ఇంగ్లీషులో అన్నాడు. ఆ తరువాత ఫ్యాను వేగం పెంచి, రెక్క వాలు మార్చి, ఎవరికి వారే పట్టిక రాసుకున్నారు. వాలు మరీ ఎక్కువైతే నొక్కే బలం పెరగకపోగా రెక్క వెనక్కి కొట్టుకుపోతుందని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుందన్న సూత్రం పై తరగతులలో ఎదురైనప్పుడు, ఈ పిల్లలకు అది కొత్త సంగతిగా అనిపించదు. సుమారు 800 కిలోల బరువుండే ఫార్ములా వన్ కారు వేగం బాగా అందుకున్నప్పుడు, గాలి దాన్ని ఆ బరువుకు మించిన బలంతో నేలకు అదుముతుంది. ఈ ట్రాక్‌లోని కాప్స్ వంటి మలుపులో కారు అంత వేగంగా తిరిగినా జారిపోకపోవడానికి అదే కారణం.

టైర్ల దగ్గర కూడా పిల్లలు చాలాసేపు నిలబడిపోయారు. పొడి ట్రాక్ మీద వాడే టైరుకు గాడులే ఉండవు, ఎందుకంటే రబ్బరు ఎంత ఎక్కువగా నేలను తాకితే అంత మంచిది. వర్షంలో ఆ టైరే నీటిపొర మీద తేలి పట్టు కోల్పోతుంది. అందుకే వాన టైరుకు లోతైన గాడులు ఉంటాయి, అవి గంటకు 300 కిలోమీటర్ల వేగం వద్ద సెకనుకు 85 లీటర్ల నీటిని పక్కకు తోసేస్తాయని తయారీదారు పిరెల్లి చెబుతుంది. మన ఇళ్ళకు వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు నాలుగింటిని ఒక్క సెకనులో కుమ్మరించినట్టని నేను పక్కనున్న మరో తెలుగు పిల్లవాడికి చెబితే, వాడు ఆ టైరు గాడిలో వేలు పెట్టి లోతు కొలిచాడు. 2020 బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో లూయిస్ హామిల్టన్ చివరి ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ ఒక చుట్టును ల్యాప్ అంటారు) ముందు ఎడమ టైరు దెబ్బతిన్నా, మూడు టైర్ల మీదే కారును లాక్కొచ్చి గెలిచింది ఈ ట్రాక్ మీదే. ఆ రోజు టైరు ఎందుకు దెబ్బతిన్నదో అడిగితే అరుగుదల, వేడి, భారం అన్నీ చర్చకు వస్తాయి.

భద్రత గురించిన పాఠమూ ఇలాగే ఇక్కడి నేలతో ముడిపడి ఉంది. డ్రైవరు తలకు రక్షణగా ఉండే టైటానియం చట్రం, హేలో, 2018 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరి అయింది. కారు అందాన్ని చెడగొడుతుందని మొదట్లో దాన్ని విమర్శించినవాళ్ళు చాలామంది ఉన్నారు. 2022లో ఇక్కడి మొదటి మలుపు ‘ఆబీ’ దగ్గర డ్రైవరు జో గ్వాన్యూ కారు తలకిందులై జారుతూ వెళ్ళి టైర్ల గోడను దాటి కంచెకు కొట్టుకున్నప్పుడు, అతని ప్రాణం కాపాడింది అదే. బలాన్ని ఒక్కచోట పడనీయకుండా చట్రమంతా పంచడం ఎలాగో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

లెక్కలు వద్దనే పిల్లలకు కూడా ఇక్కడ లెక్క మీద ఇష్టం కలుగుతుంది. ట్రాక్ పొడవు 5.891 కిలోమీటర్లు, 2020లో మాక్స్ వెర్‌స్టాపెన్ పందెంలో నెలకొల్పిన వేగవంతమైన ల్యాప్ 1 నిమిషం 27.097 సెకన్లు. ఈ రెండు అంకెలు ఇచ్చి సగటు వేగం కట్టమంటే గంటకు సుమారు 243 కిలోమీటర్లు వస్తుంది. అన్ని మలుపులు ఉండగా సగటే అంత ఉంటే, తిన్నగా ఉన్న చోట ఎంత ఉండాలి అన్న ప్రశ్న వాళ్ళే అడుగుతారు.

లోపమంటూ ఉంటే అది బడులు ఏర్పాటు చేసుకునే తీరులో ఉంది. మేము వెళ్ళిన రోజు బడివాళ్ళు ఇచ్చిన వర్క్‌షీటులో ఖాళీలు నింపడానికే పిల్లలు సగం సమయం తలలు వంచుకుని గడిపారు. బస్సు వేళకు అందుకోవాలన్న హడావుడిలో రెక్క ప్రయోగాన్ని మధ్యలోనే ఆపించారు. ఏమి జరుగుతుందో ముందు ఊహించి చెప్పమని, ఆ తరువాతే చేసి చూడమని అడిగితే వర్క్‌షీటు అవసరమే ఉండదు. పెద్ద తరగతిని చిన్న జట్లుగా విడదీసి, రోజంతా ఇక్కడికే కేటాయించాలని నేను గట్టిగా కోరుతాను. మ్యూజియం లోపలే ఉంటుంది కాబట్టి వాన భయం లేదు గానీ, బయట గాలి బలంగా వీస్తుంది. పిల్లలకు మంచి కోటు తప్పనిసరి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ అనే విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు మా బంధువుల పిల్లలు చూసివచ్చి చెప్పిన కబుర్లన్నీ వేగం గురించే. అటువంటి ఉత్సాహాన్ని బడి పాఠంగా మలచడానికి ఇంత పెద్ద ట్రాక్ కూడా అక్కర్లేదు. నగర శివార్లలోని కార్టింగ్ ట్రాక్ ఒకటి, కొలిచే టేపు, స్టాప్‌వాచ్ ఉంటే మన ఉపాధ్యాయులు బ్రేకు వేశాక బండి ఎంత దూరంలో ఆగుతుందో పిల్లల చేత కొలిపించవచ్చు.

హైస్కూలు దాటబోయే పిల్లలున్నవారు మాత్రం జూలైలో ఇదే ట్రాక్ మీద జరిగే ఫార్ములా స్టూడెంట్ పోటీలను చూపించడం మేలు. అక్కడ విశ్వవిద్యాలయాల విద్యార్థులు తామే రూపొందించి కట్టిన కార్లతో వస్తారు, ఆ జట్లలో భారతదేశం నుంచి వచ్చేవీ ఉంటాయి. మా అమ్మాయికి ఇంకా ఆ వయసు రాలేదు కనుక, వచ్చే వేసవిలో మళ్ళీ మ్యూజియానికే, ఈసారి బడి బస్సులో కాకుండా మా కారులో, రోజంతా గడిపే వీలు చూసుకుని తీసుకువెళ్తాను.