కయాక్ చట్రానికి నైలాన్ మేలా, పాలిస్టర్ మేలా?

మైపాడు వైపు బకింగ్‌హామ్ కాలువలో నా కయాక్‌ను (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవను) చూసినవారు తరచుగా అడిగేది ఒకటే: బద్దలతో చట్రం కట్టుకున్నాక దానిపై నైలాన్ గుడ్డ కుట్టాలా, పాలిస్టర్ గుడ్డ కుట్టాలా? మొదట నైలాన్ కుట్టి, రెండేళ్ల తరువాత దానిని కోసేసి, అదే చట్రానికి పాలిస్టర్ తొడిగాను కనుక రెండింటి సంగతీ నాకు తెలుసు.

గట్టిదనంలో నైలాన్‌దే పైచేయి. ఉప్పుటేటి ఒడ్డున ఆల్చిప్పలు పట్టిన రాళ్లపై అడుగు ఈడ్చుకుపోయినా, ఆ గుడ్డ గీసుకుంటుందే తప్ప తేలికగా చిరగదు. కుట్టడమూ సులువే. తడిపి, రెండు కొసలకూ బలంగా లాగి, పైభాగాన నడిమి గీత వెంట కుట్టుకుంటూ పోతే, ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది.

మన తీరప్రాంతంలో నైలాన్‌కు ఈ సుగుణమే దోషమవుతుందని నా అభిప్రాయం. నైలాన్ గాలిలోని తేమను తన బరువులో సుమారు 4 శాతం దాకా పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చేది 0.4 శాతమే. రోహిణి కార్తెలో కుట్టినప్పుడు మీటితే మోగిన నా నైలాన్ గుడ్డ, పైన నీరు చొరనివ్వని పాలీయురెథేన్ పూత ఉన్నప్పటికీ, కార్తీకమాసపు ముసురులో మంటకు కాచని డప్పులా మెత్తబడింది. నీటిలోకి దించగానే బద్దకూ బద్దకూ మధ్య అడుగు లోపలికి గుంటపడి, తెడ్డు ఎంత వేసినా కయాక్ బరువుగానే నడిచేది. తప్పు కొంత నాదే: నీళ్లు చల్లుతూ కుట్టాను గానీ, ఆ ఎండకు నేను కొస చేరేసరికే గుడ్డ ఆరిపోయేది.

పాలిస్టర్‌ను బిగించేది నీరు కాదు, ఇస్త్రీపెట్టె. కుట్టేటప్పుడు ముడతలు లేకుండా చూసుకుంటే చాలు. తరువాత 120 డిగ్రీలతో మొదలుపెట్టి 170 దాకా వేడి పెంచుతూ రుద్దితే, గుడ్డ ముడుచుకుని చట్రాన్ని పట్టుకుంటుంది, తేమకు వదలదు. అయితే కొన్ని రకాలకు మిల్లులోనే వేడి పట్టించి ఉంటారు, అవి ఇక ముడుచుకోవు. అడుగు చదరం ముక్కను ఇస్త్రీ చేసి, కొలిచి చూసిన తరువాతే మిగతాది కొనాలి. (అలా చూడకుండా నేను కొన్న ఆరు మీటర్లు ఇప్పుడు మా మేడపై వడియాలకు పనికొస్తున్నాయి.)

ముడుచుకునేటప్పుడు ఆ లాగుడంతా కుట్టుపైనే పడుతుంది కనుక, పాలిస్టర్‌కు కుట్టు విషయంలో శ్రద్ధ ఎక్కువ కావాలి. గోనెసంచుల దబ్బనం వాడకూడదు. దాని వెడల్పు మొన పోగులను కోసేస్తుంది, వేడి తగలగానే ఆ రంధ్రాలు నోళ్లు తెరుస్తాయి. సన్నని వంపు సూదిలో మైనం పట్టించిన పాలిస్టర్ దారాన్ని రెండు పేటలుగా ఎక్కించి, అంచును అరంగుళం లోపలికి మడిచి, రెండు పొరలూ కలిసేలా దగ్గర దగ్గరగా కుట్టాలి. అంచులను కాలిన సోల్డరింగ్ కడ్డీతో కోస్తే పోగులు ఊడవు. ఇస్త్రీ చేసేటప్పుడు కుట్టు దగ్గరకు చిట్టచివర రావాలి.

నూలు కాన్వాసు ఉప్పునీటి తడికి కుళ్లిపోతుంది. లారీ టార్పాలిన్ కొసల దగ్గర వంపు తిరగదు. ఈ రెండింటి జోలికీ పోనక్కరలేదు.

రాతి ఒడ్డులలోనే ఎక్కువగా తిరిగేవారు నైలాన్‌నే కోరుకుంటే, కుట్టు పనిని వానాకాలంలో, గుడ్డను బాగా నానబెట్టి పూర్తిచేసుకోవాలి. తేమకు బుడగలు వచ్చే పాలీయురెథేన్ పూతను మాత్రం ఎండలు వచ్చాక వేసుకోవాలి.