వీపీఎస్ వ్యాపారానికి తొలి సర్వర్: అద్దెదా, సొంతదా?

వీపీఎస్‌లు (ఒక సర్వర్‌ను పంచి అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్లు) అమ్మే చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: డెడికేటెడ్ సర్వర్‌ను (పూర్తిగా మనకే ఇచ్చే యంత్రాన్ని) నెలవారీ అద్దెకు తీసుకోవాలా, సొంతది కొని డేటా సెంటర్‌లో కోలొకేషన్‌కు (చోటు, కరెంటు, నెట్ వాళ్లవి, యంత్రం మనది) పెట్టాలా? అందరూ కోర్లూ ర్యామూ లెక్కేసుకుని వస్తారు. అసలు లెక్క తేలేది ఐపీ అడ్రసుల దగ్గర.

128 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌ను తీసుకుందాం. హోస్టుకు, అంటే వీటన్నిటినీ నడిపే ప్రధాన సిస్టమ్‌కు, 16 వదిలేస్తే 112 జీబీ మిగులుతుంది. 4 జీబీ ప్లాన్లయితే 28 వీఎంలు (వర్చువల్ మెషీన్లు, కస్టమర్లకు అమ్మేవి), 2 జీబీవైతే 56. ఒక్కోదానికి ఒక ఐపీవీ4 అడ్రసు కావాలి. అద్దె కంపెనీలు చాలావరకు అడ్రసుకింత అని నెలనెలా విడిగా తీసుకుంటాయి. చవక ప్లాన్‌లో లాభాన్ని ముందు తినేసేది ఆ అద్దే. అందుకే సర్వర్ ధరకన్నా ముందు, ఎన్ని అడ్రసులిస్తారో, ఎలా ఇస్తారో అడగండి. సబ్‌నెట్‌ను (అడ్రసుల గుంపును) మీ ప్రధాన ఐపీకి రూట్ చేసి ఇస్తే, ఎనిమిది అడ్రసుల బ్లాకైన స్లాష్ 29లోని ఎనిమిదీ వాడుకోవచ్చు. వీఎంలను నేరుగా కంపెనీ నెట్‌వర్క్‌కు కలిపే మామూలు బ్రిడ్జ్ పద్ధతిలో నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్, గేట్‌వేలకు మూడు పోయి ఐదే మిగులుతాయి. పైగా కొన్ని కంపెనీల స్విచ్‌లు తెలియని మ్యాక్ అడ్రస్‌ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కనబడితే ఊరుకోవు. వాళ్లిచ్చిన వర్చువల్ మ్యాక్‌నే వీఎంకు పెట్టాలి.

అంతకంటే పెద్ద తలనొప్పి ఫిర్యాదులది. అద్దె అడ్రసులకు అబ్యూజ్ కాంటాక్టుగా (దుర్వినియోగ ఫిర్యాదులు అందుకునేవాళ్లుగా) ఉండేది మామూలుగా అద్దె కంపెనీయే. 28 మందిలో ఒకడు స్పామ్ పంపినా, పోర్ట్ స్కాన్ చేసినా (ఇతరుల సర్వర్లలో తెరిచున్న పోర్టులు వెతికినా) ఫిర్యాదు ముందు వాళ్లకు వెళ్తుంది, అక్కణ్నుంచి గడువుతో మీకొస్తుంది. శనివారం రాత్రి వచ్చిన టికెట్‌ను సోమవారం చూశారా, కొన్నిచోట్ల ఆ ఒక్క ఐపీతో ఆగదు, సర్వర్ మొత్తానికే తాళం పడుతుంది. తప్పు చేయని 27 మందీ మీ మీద పడతారు.

కాబట్టి మెయిళ్లు బయటికి వెళ్లే 25వ పోర్టును మొదటిరోజే మూసేయండి, అడిగినవాళ్లకు మాత్రం చూసి తెరవండి. వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ అయితే, దాని ఫైర్‌వాల్‌లో ప్రతి వీఎంకూ ఐపీ ఫిల్టర్, మ్యాక్ ఫిల్టర్ ఆన్ చేయండి. లేకుంటే బ్రిడ్జ్‌లో ఒక కస్టమర్ పక్కవాడి ఐపీని తన వీఎంలో కొట్టుకుని వాడేసుకోగలడు. హోస్టులో కాన్‌ట్రాక్ (నడుస్తున్న కనెక్షన్ల పట్టిక) పరిమితి కూడా పెంచండి. ఒక్కడి స్కాన్‌తో ఆ టేబుల్ నిండితే అందరి కొత్త కనెక్షన్లూ రాలిపోతాయి, మీరేమో తప్పు కేబుల్‌దనుకుని వెతుకుతుంటారు.

సొంత సర్వర్ పెడితే ఈ బాధ తీరుతుందా? డేటా సెంటర్ ఇచ్చిన ఐపీలే వాడితే పెద్దగా తీరదు. కోలొకేషన్ అసలు ఫలితం సొంత అడ్రసులు, సొంత ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మీ నెట్‌వర్క్‌కు గుర్తింపు) ఉన్నప్పుడే. ఇంటర్నెట్‌లో విడిగా ప్రకటిస్తే నిలిచే అతి చిన్న బ్లాక్ స్లాష్ 24, అంటే 256 అడ్రసులు. మన దేశంలో వాటికోసం వెళ్లాల్సింది నిక్సీ (భారత ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ సంస్థ) కింద ఉండి అడ్రసులు కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్‌కు. 2019 నుంచి ఆసియా-పసిఫిక్‌కు అడ్రసులు పంచే ఏపీనిక్ కొత్తవాళ్లకు గరిష్ఠంగా స్లాష్ 23 (512 అడ్రసులు) దగ్గరే ఆపింది. ఆపైన కావాలంటే కొనాలి, లేదా లీజుకు తీసుకోవాలి. లీజైతే స్పామ్‌హాస్ వంటి బ్లాక్‌లిస్టుల్లో ముందే వెతకండి, ఆ అడ్రసులను మీ ఏఎస్ ప్రకటించవచ్చని తెలిపే ఆర్ఓఏ పెట్టించుకోండి. లీజు ముగిసిన రోజున కస్టమర్లందరి ఐపీలూ మారిపోతాయని గుర్తుంచుకోండి.

సొంత పెట్టెలో పిసినారితనం పనికిరానిది డిస్కు దగ్గర. పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాస్తున్న డేటాను కాపాడే ఏర్పాటు) లేని మామూలు ఎన్‌వీఎంఈ డిస్కులు సింక్ రైట్ల (డిస్కులో పడ్డాకే ముందుకు కదిలే రాతల) దగ్గర చతికిలపడతాయి. నాలుగు డేటాబేస్‌లు ఒకేసారి రాస్తే చాలు, అందరి వీఎంలూ నత్తనడకే. రెండు ఎంటర్‌ప్రైజ్ డిస్కులు మిర్రర్‌లో (రెండింటిలోనూ అదే డేటా ఉండేలా) పెట్టండి, ఒకటి విడిగా ఉంచుకోండి. హైదరాబాద్‌లో ఉంటూ అక్కడి డేటా సెంటర్‌లోనే పెడితే బండేసుకుని వెళ్లి మార్చిరావచ్చు. ఊరు దాటితే అక్కడి సిబ్బందితో చేయించే రిమోట్ హ్యాండ్స్ బిల్లే.

పెద్ద క్లౌడ్ వీఎంలు కొని తిరిగి అమ్మడంలో మిగిలేదేమీ లేదు. వీఎంలకు బదులు కంటైనర్లు అమ్ముదామా అంటే, వాటిలో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అందరికీ ఒకటే. అపరిచితులకు అమ్మేటప్పుడు ఒక్కో వీఎంకు విడి కెర్నల్ ఉండే కేవీఎం మేలు.

ఏ దారైనా కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు వీపీఎస్ అమ్మేవాళ్లకు వర్తిస్తాయి. ధ్రువీకరించిన పేరు, చిరునామా, ఫోన్, ఇచ్చిన ఐపీలు, వాడిన కాలం వంటి వివరాలను సేవ ఆగాక కూడా కనీసం ఐదేళ్లు ఉంచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో సర్ట్-ఇన్‌కు చెప్పాలి. వీఎంను డిలీట్ చేస్తే ప్యానెల్‌లో ఐపీ చరిత్ర కూడా పోవచ్చు, ఆ పట్టికను వేరేగా రాసుకోండి.

నా మొగ్గు అద్దెకే, కనీసం తొలి వంద అడ్రసుల వరకు. అదీ ఒక పెద్ద సర్వర్ కాదు, రెండు మధ్యస్థపువి. వాటిని క్లస్టర్‌గా (ఒకే గుంపుగా) కలపకండి: రెండు నోడ్ల (సర్వర్ల) ప్రాక్స్‌మాక్స్‌లో ఒకటి పడిపోతే కోరం (కావాల్సిన మెజారిటీ) పోయి, రెండోదాంట్లో ఆగి ఉన్న వీఎంలు ఆన్ కావు. బ్యాకప్ మాత్రం మూడోచోట, వేరే కంపెనీ దగ్గర ఉండాలి. వంద దాటి స్లాష్ 24 చేతికొచ్చాక కోలొకేషన్‌కు మారేటప్పుడు పాత అద్దె సర్వర్లను ఇంకో నెల నడపండి. డీఎన్ఎస్ మార్చుకోమని కస్టమర్లకు ఎన్ని మెయిళ్లు పెట్టినా సగంమంది చివరి రోజు దాకా కదలరు.